ఆపా వెనక చెయ్యెత్తిన మనిషి

నా చిన్నప్పుడు మా ఇంట్లో గోడకెక్కాలంటే ముందు చచ్చిపోవాలి. బతికి ఉన్నవాళ్లకు గోడ మీద జాగా లేదు. మా తాతయ్య ఎక్కాడు, తాతయ్య తమ్ముడు ఎక్కాడు, నేను పుట్టకముందే పోయిన మేనత్త ఒకామె ఎక్కింది. అందరూ కుర్చీలో కూర్చుని, మెడలో దండలతో, కళ్లు మూసుకుని ఉండేవాళ్లు. నిద్రలో ఉన్నప్పుడు తీశారేమో అనుకునేదాన్ని చాలాకాలం. తర్వాత తెలిసింది, మా ఊళ్లో మనిషి పోయాకే భువనగిరి నుంచి ఫోటో ఆయనను పిలిపిస్తారని, పోయిన మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి పక్కకు ఒరిగిపోకుండా వెనక నుంచి ఎవరో ఒకరు పట్టుకుంటారని. మా తాతయ్య ఫోటోలో భుజం మీద నాలుగు వేళ్లు కనబడతాయి. అవి మా బాపువి. మా ఇంట్లో బతికుండగా ఫోటోలో పడ్డ ఘనత చాలా ఏళ్లు ఆ నాలుగు వేళ్లకే ఉండేది.

ఇప్పుడు ఇంట్లో పిల్లలు నన్ను పెద్దవాళ్ల లెక్కలో కలిపేశారు. జుట్టు ఇంకా సగమే నెరిసిందని చెప్పినా వినరు. దయ్యం కథ చెప్పమంటారు. నాకు తెలిసింది ఒకటే. అందులో దయ్యం మధ్యాహ్నం పూట వస్తుంది, పైగా చింతపండు కొడుతుంది. అది విని పిల్లలు మొహం మాడ్చుకుంటారు. కానీ ఆ ఎండాకాలం నేను పడ్డ భయం మాత్రం నిజమైనదే. అంతకుముందు నాకు అలాంటి భయం లేదు, తర్వాత మళ్లీ రాలేదు.

మా అవ్వ, అంటే బాపు తల్లి, రెండు కళ్లకూ మోతిబిందు పొర కమ్మిన మనిషి. దవాఖానకు పోదామంటే "సూసినకాడికి సాలు" అనేది. వెలుతురు, నీడ తెలిసేవి. ఎదురుగా మనిషి నిలబడ్డట్టు తెలిసేది, ఎవరో మాత్రం గొంతు విన్నాకే తెలిసేది. అందుకని ఊళ్లో ఏం జరిగినా వెళ్లి చూసి వచ్చి ఆమెకు చెప్పడం నా కొలువు. నాకేమో ఏదీ ఉన్నదున్నట్టు చెప్పే అలవాటు లేదు. బర్రె దూడను వేసిందని చెప్పమంటే, దూడ పుట్టగానే సర్పంచి మొహం చూసి మళ్లీ లోపలికి పోదామనుకుందని చెప్పేదాన్ని. అందరూ నవ్వేవాళ్లు, అవ్వ నవ్వేది కాదు. "ఉన్నది చెప్పు పోరీ. నీకనిపించింది నాకెందుకు?" అనేది. మళ్లీ మొదటినుంచి చెప్పించుకునేది. దూడ ఏ రంగు, లేచి నిలబడ్డదా, తల్లి నాకుతోందా. నా హాస్యం ఆమె చేట దగ్గరికి వచ్చేసరికి పొట్టులా ఎగిరిపోయేది.

ఆ ఏడు మా చిన్నాయన ఒక పాత డబ్బా కెమెరా తెచ్చి నాకిచ్చాడు. ఆయన బాపు తమ్ముడు, ఎక్కడో కాలువ పనుల దగ్గర గుమాస్తా. నల్లటి డబ్బా, ముందు ఒక కన్ను, వెనక చిన్న ఎర్ర కిటికీ. నడుము దగ్గర పట్టుకుని, తల వంచి, పైనున్న అద్దంలోకి చూసి మీట నొక్కాలి. నొక్కాక పక్కనున్న గుండీని తిప్పాలి. తిప్పుతూ పోతే ఎర్ర కిటికీలో ఇంకో అంకె వస్తుంది, అప్పుడు ఆపాలి. "నొక్కుడు, తిప్పుడు నీ పని. మిగిలిందంత స్టూడియో ఆయన పని" అన్నాడు. నొక్కి తిప్పకపోతే ఏమవుతుందో చెప్పలేదు. చెప్పి ఉంటే ఈ కథ లేదు. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి వెళ్లిపోయాడు.

ఊరంతా తిరిగి గుట్టను తీశాను, బర్రెను తీశాను, బాపును తీశాను. చివరికి అవ్వ దగ్గరికి వచ్చాను. అవ్వ మా ఎత్తరుగు మీద ఎర్రమట్టి గోడకు వీపు ఆనించి, ఒక మోకాలు పైకి మడిచి, ముందు చేట పెట్టుకుని చింతపండు కొడుతోంది. గింజ ఎక్కడుందో వేళ్లతో తడిమి, చిన్న కట్టె సుత్తెతో ఒక్క దెబ్బ. గింజ బయటికి వచ్చేది, వేలికి ఎప్పుడూ దెబ్బ తగిలేది కాదు. కళ్లున్న మా అమ్మ కొడితే రెండు దెబ్బలకు ఒకటి వేలి మీద పడేది.

"అవ్వా, నీ ఫోటో దింపుతా" అన్నాను.

సుత్తె ఆగింది. "నన్ను గోడకెక్కిస్తవా?"

అలాంటిదేమీ లేదని ఎంత చెప్పినా ఒప్పుకోలేదు. ఫోటో దిగినవాళ్లంతా ఏమయ్యారో గోడ చూడమంది. ఆమెకు కనబడకపోయినా ఎవరు ఎక్కడున్నారో తెలుసు. నేను వదల్లేదు. చివరికి ఆ డబ్బా ఎట్లా పనిచేస్తుందో చెప్పమంది. చెప్పాను. నొక్కితే మనిషి బొమ్మ లోపలి రీలు మీద పడుతుంది, తిప్పితే ఆ బొమ్మ లోపలికి పోయి భద్రంగా కూర్చుంటుంది, ఖాళీ జాగా ముందుకు వస్తుంది. అవ్వ కొంచెంసేపు ఆలోచించి తీర్పు చెప్పింది.

"సరే, నొక్కుకో. తిప్పకు మాత్రం. తిప్పకుంటే నేను లోపటికి పోను."

నాకది చాలా న్యాయంగా తోచింది. నా ముచ్చట తీరుతుంది, ఆమె గోడకెక్కదు. ఇద్దరికీ నష్టం లేకుండా పంచాయితీ తెగింది. అవ్వ కొంగు నెత్తి మీదికి సర్దుకుని, సుత్తె ఎత్తింది. నొక్కాను.

"తిప్పలే కద?"

"తిప్పలే."

సుత్తె కిందికి దిగింది, గింజ బయటికి వచ్చింది. నేను కెమెరా పట్టుకుని పక్కింటికి నడిచాను.

పక్కింట్లో ఆపా ఉండేది. ఆపా అంటే ఉర్దూలో అక్క. బట్టలు కుట్టేది. ఊళ్లో ఆడవాళ్ల రవికెలన్నీ ఆమె చేతి మీదుగా పోవాల్సిందే. పెనిమిటి లారీ నడిపేవాడు. నకిరేకల్ మీదుగా సరుకు వేసుకుని వెళితే ఎప్పుడు వచ్చేదీ ఆయనకే తెలిసేది కాదు. ఆ ఇల్లు పటేలుది, ఆపా వాళ్లు కిరాయికి ఉండేవాళ్లు. అంతకుముందు చాలాకాలం అది తాళమేసి ఉండేది. పటేలు తల్లి ఆ ముందు గదిలోనే పోయిందని ఎవరూ కిరాయికి రాలేదు. ఆపాకు ఆ సంగతి చెబితే "బతికినోళ్లే సతాయిస్తరు అవ్వా, సచ్చినోళ్లకేం పని" అని మిషను దింపుకుంది.

వెలుతురు కోసం ఆమె మిషను గడప దగ్గరే వేసుకునేది. వెనక తెరిచిన తలుపు, ఆ వెనక గది చీకటి. ఆ మధ్యాహ్నం మిషను మీద తెల్ల లట్ఠా బట్ట పరుచుకుని, తల వంచి కుడుతోంది. "మొహం మంచిగ లేదే" అంటూనే తల వంచుకుని ఉండిపోయింది. నొక్కాను. ఈసారి తిప్పాను. ఎర్ర కిటికీలో అంకె మారింది.

రీలు నిండాక బాపు భువనగిరిలో స్టూడియోలో ఇచ్చి, మళ్లీ అంగడికి పోయిన రోజు కవరు తెచ్చాడు. స్టూడియో ఆయన కవరుతో పాటు ఒక్క మాట చెప్పి పంపినా సరిపోయేది. పెండ్లిళ్ల కాలం, ఆయనకు తల గోక్కునే తీరిక లేదట.

అరుగు మీద అందరూ చేరారు. నా మొదటి ప్రదర్శన. అందరూ మెచ్చుకుంటారని స్నానం చేసి కూర్చున్నాను.

"గీ గుట్టేందే, కదులుతాంది?" అన్నది మా అమ్మ.

"బర్రెకు తలకాయేది?" అన్నాడు పాలేరు. అసలు బర్రెకు ఉన్న తల నా ఫోటోలో ఎందుకు లేదని అతని బాధ.

బాపు తన ఫోటో చాలాసేపు చూసుకున్నాడు. మెడ వరకే వచ్చింది, గొంగడి మాత్రం పోగు పోగు కనబడుతోంది. "గొంగడి మంచిగ పడ్డది" అన్నాడు. నా కళకు దొరికిన మొదటి మెప్పు అది, అదీ గొంగడికి. మూలకు ఒక కోడి తనంతట తాను వచ్చి పడింది. అందరూ దాన్ని తెగ మెచ్చుకున్నారు.

అప్పుడు ఆపా ఫోటో చేతులు మారింది. నవ్వులు ఆగిపోయాయి.

ఆపా తల వంచి కుడుతోంది. ఆమె వెనక, తలుపు చీకట్లో, పొగలాంటి ఒక ముసలామె. నెత్తిన కొంగు. కళ్లు తెల్లగా ఉన్నాయి. పాదాలు లేవు. ఒక చెయ్యి పైకెత్తి ఉంది, ఆ చేతిలో ఏదో ఉంది, అది సరిగ్గా వంగిన ఆపా తల మీదికి ఉంది.

"ఈమె చెప్పకుండ దిగింది" అన్నాను నేను. ఎవరూ నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు. మెడ వెనక వెంట్రుకలు లేచి నిలబడ్డాయి.

నీళ్ల బిందెతో నిలబడ్డ ఒకామె మెల్లగా అన్నది, "పటేలు తల్లి గీమె."

ఆ మాటతో ఫోటో మా ఇంటిది కాకుండా పోయింది, ఊరిది అయింది. ఇల్లిల్లూ తిరిగి, పసుపు వేళ్ల ముద్రలతో, చింతపండు జిగురుతో రోజూ సాయంత్రానికి ఇంటికి చేరేది. చూసిన ప్రతివాళ్లూ కొంచెం కొంచెం కలిపారు. ఒకరికి కోరలు కనబడ్డాయి. ఒకరికి పాదాలు వెనక్కి తిరిగి కనబడ్డాయి. పాదాలే లేని ఫోటోలో వెనక్కి తిరిగినవి ఎట్లా కనబడ్డాయని నేనడిగితే, నీకు చిన్నతనం అన్నారు.

మా దిక్కు దయ్యాలు రాత్రి దాకా ఆగవు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం చాలు వాటికి. గుట్టల మీద రాయి కాలి, గాలి ఆగిపోయి, కుక్కలు కూడా గోడల నీడల్లో నాలుకలు వేలాడేసుకుని పడుకుంటే, ఊరంతా ఖాళీ చేసి పోయినట్టుంటుంది. ఆ నిశ్శబ్దంలో అంతకుముందు ఆపా మిషను చప్పుడు ఏకధాటిగా వినబడేది. ఫోటో వచ్చాక ఆ చప్పుడు మారింది. కొంచెంసేపు నడిచేది, ఆగేది. మళ్లీ నడిచేది, ఆగేది. ఎందుకు ఆగుతోందో మా అరుగు మీద కూర్చున్న అందరికీ తెలుసు. ఆపా వెనక్కి తిరిగి చూస్తోంది. సచ్చినోళ్లకేం పని అన్న మనిషే. ఆగినప్పుడల్లా మేమూ ఊపిరి బిగబట్టేవాళ్లం. మళ్లీ మిషను నడిచేదాకా మా ఇంట్లో ఎవరూ ముద్ద మింగేవాళ్లు కాదు. అవ్వ సుత్తె కూడా ఆగేది.

రవికె బట్టలు ఇచ్చినవాళ్లు ఒక్కొక్కరే పిల్లల్ని పంపి, కుట్టినవి కుట్టనివి వెనక్కి తెప్పించుకున్నారు. ఒక రవికె ఒంటి చేతితోనే ఇంటికి వెళ్లింది. కొన్నాళ్లకు మిషను ఆగడానికి కూడా పని లేకుండా పోయింది.

పటేలు చెడ్డమనిషి కాడు. చెడ్డవాడైతే ఆపాకు తేలికయ్యేది, తిట్టి పంపేది. ఆయన వీధిలోనే నిలబడి, గడప తొక్కకుండా, నేల చూస్తూ అన్నాడు. "అమాస లోపల జర ఇల్లు ఖాళీ చెయ్యి బిడ్డా. మా అమ్మకు ఇష్టం లేనట్టున్నది." ఆపా మిషను మీద గుడ్డ కప్పింది. పెనిమిటి ఎక్కడో దారిలో ఉన్నాడు. ఊళ్లో ఇంకెవరూ ఇల్లు ఇవ్వరు. దయ్యం వెంటపడ్డ మనిషిని తెచ్చి ఇంట్లో ఎవరు పెట్టుకుంటారు?

ఆ తర్వాత పటేలు మా అరుగు దగ్గరికి వచ్చాడు. ఫోటో తనకు కావాలన్నాడు. అప్పుడు గానీ నాకు ఆయన మొహం సరిగ్గా కనబడలేదు. వాళ్లమ్మ పోయింది వానాకాలంలో. వాగు పొంగి భువనగిరి నుంచి ఫోటో ఆయన రాలేకపోయాడు. వాళ్లింటి గోడ మీద తండ్రి ఉన్నాడు, తాత ఉన్నాడు, తల్లి లేదు. "ఇన్నొద్దులకు కనవడ్డది. కోపంతోనైతేంది, కనవడ్డది" అన్నాడు. జేబు రుమాలుతో ఫోటో మీది జిగురు తుడుస్తున్నాడు.

ఆపా మా గోడకు ఆనుకుని నిలబడి ఉంది. బాపు, అమ్మ, ఆనాటి బిందె ఆమెతో సహా వీధిలోవాళ్లు నలుగురైదుగురు ఉన్నారు. అవ్వ తన చోట తాను చింతపండు కొడుతోంది. కళ్లు కనబడని మనిషికి ఫోటో చూపించాలని అన్ని రోజుల్లో ఎవరికీ తోచలేదు. ఆమే అడిగింది.

"ఏమున్నదే గా ఫోటోల? ఊరంత సూసె, నాకెవ్వరు చెప్పరైరి."

పటేలు చేతిలోంచి ఫోటో తీసుకున్నాను. "దయ్యం ఉన్నదవ్వా."

"దయ్యం నీకు మునుపెరుకనా?"

"లేదు."

"మరి గది దయ్యమని ఎట్ల తెలిసె? ఉన్నది చెప్పు. ఒక అంచుకాడ మొదలువెట్టి ఇంకో అంచు దాక రా."

మొదలుపెట్టాను. తలుపు ఉంది, తలుపుకు గొళ్లెం ఉంది. మిషను చక్రం ఉంది. తెల్ల బట్ట ఉంది. ఆపా ఉంది, తల వంచుకుంది. ఆపా వెనక ముసలామె ఉంది, నెత్తిన కొంగు ఉంది.

"కూసున్నదా, నిలవడ్డదా?"

ఆ ప్రశ్న అప్పటిదాకా ఎవరూ అడగలేదు. ఊరంతా కోరలు లెక్కపెట్టింది గానీ ఇది చూడలేదు. ఫోటోను కంటికి దగ్గరగా పట్టుకున్నాను. "కూసున్నదవ్వా. ఒక మోకాలు పైకి మడిచింది. గాలిల కూసున్నది."

"చెయ్యి?"

"కుడిచెయ్యి ఎత్తింది."

"ఆ చేతికి కడెం ఉన్నదా?"

"లేదు."

"రెండో చేతికి?"

"ఉన్నది."

అవ్వ ఆగింది. ఆమె కుడిచేయి ఎడమ మణికట్టు మీదికి వెళ్లి అక్కడున్న వెండి కడియాన్ని ఒకసారి తడిమింది. కుడిచేతి కడియం ఎప్పుడో తేలు కుట్టి చేయి వాచినప్పుడు కంసాలి కోసి తీశాడు. అది ఊరందరికీ తెలిసిన కథే. ఎవరికీ గుర్తు రాలేదు.

"ఎత్తిన చేతిల ఏమున్నది?"

"చిన్న కట్టె. కొసకు లావుగున్నది."

"ముందట?"

"బట్ట అడ్డం వచ్చింది. అంచు కనవడుతాంది. వెదురల్లిక..." ఫోటోను వెలుతురుకు తిప్పి చూశాను. "చేట, అవ్వా."

బాపుకు అప్పటికే అర్థమైనట్టుంది. వంగి, చాలా తగ్గు గొంతుతో అన్నాడు, "అమ్మా, నువ్వూకో. అనకు."

అనకపోయినా నడిచేది. ఆమె ఫోటోకు ఎంత భయపడేదో మా ఇంట్లో అందరికీ తెలుసు. అందులో ఉన్నది తానే అని నోటితో ఒప్పుకోవడమంటే గోడ మీద తన జాగా తానే చూపించుకోవడం. పైగా ఆ ఫోటోలో ఆమె బతికున్న మనిషిలా కూడా లేదు. ఒప్పుకోకపోతే ఆపా సామాను ఎత్తుకుని పోతుంది, అంతే. పోయేది పక్కింటి మనిషి.

అవ్వ గోడ వైపు నుంచి వినబడే ఆపా ఊపిరి వైపు కొంచెం మొహం తిప్పింది. తర్వాత కొంగు నెత్తి మీదికి లాక్కుంది. మోకాలు మడిచింది. సుత్తె పైకెత్తి, అట్లాగే పట్టుకుంది.

అందరి కళ్లూ ఫోటో మీదికి, ఆమె మీదికి, మళ్లీ ఫోటో మీదికి తిరిగాయి. అదే చెయ్యి. అవే తెల్లటి కళ్లు. బిందె ఆమె రెండడుగులు వెనక్కి వేసి అరుగు దిగింది. బతికున్న మనిషిని చూసి జనం వెనక్కి జరగడం నేను చూడటం అదే మొదటిసారి. నా కాళ్లు కూడా జరిగాయి, కానీ వెనక గోడ ఉంది.

"గది నేనే" అన్నది అవ్వ.

తర్వాత పటేలు అడిగాడు. అంత పెద్ద మీసాలాయన గొంతు చిన్నపిల్లాడిలా వచ్చింది. "నువ్వా పెద్దమ్మా? మా అమ్మ గాదా?"

"మీ అమ్మ ఎన్నడన్న సుత్తె వట్టిందా నాయినా?"

ఆయన చాలాసేపు ఆలోచించాడు. ఒక్కసారన్నా పట్టి ఉంటే బాగుండునని వెతుక్కుంటున్నట్టుగా ఉంది. "లేదు. కొట్టేటోళ్లకు అంబలి పోసేది. ఆమె కొట్టలే."

"గంతే మరి."

బిందె ఆమెకు ఇంకా అనుమానమే. "మరి నువ్వు ఆ ఇంట్లకు ఎప్పుడు వోయినవ్ అవ్వా?"

"నేను వోలే. గీ పోరి తోలింది." సుత్తె నా వైపు చూపించింది. "తిప్పకుంటే నేను లోపటికి పోననుకున్న. యాడికి వోత? ముందటనే కూసున్న. అదే జాగల పక్కింటి పిల్లను గూడ దెచ్చి కూసోవెట్టింది. పలక తుడువకుంట మల్ల రాస్తే రెండు ఒక్కదాని మీద ఒకటి వడయా?"

ఇంత చెప్పాక ఊరు నవ్వుకుని ఇళ్లకు వెళ్లిపోయిందంటే బాగుంటుంది. వెళ్లలేదు. అర్థమైన మాత్రాన భయం పోదు. తలలూపారు గానీ రవికెలు వెనక్కి రాలేదు. పటేలు మాత్రం ఫోటో నా చేతిలోనే ఉంచి, ఆపాతో అమావాస్య మాట మళ్లీ ఎత్తకుండా వెళ్లాడు. నడక మాత్రం ఇంకోసారి తల్లిని పోగొట్టుకున్నవాడిలా ఉంది.

మర్నాడు మధ్యాహ్నం అవ్వ నన్ను పిలిచి చేట పట్టుకొమ్మంది. నా భుజం మీద చెయ్యేసి ఆపా ఇంటికి నడిచింది. గడప దాటి, ఆపా మిషనుకు వెనకగా, తలుపు పక్కన, ఫోటోలో ఆ మనిషి ఎక్కడుందో సరిగ్గా అక్కడ కూర్చుంది. జాగా ఎక్కడో నాతో చెప్పించుకుంది. "ఇంక జర ఎడమకు" అంటే ఎడమకు జరిగింది. మోకాలు మడిచి, చేట ముందు పెట్టుకుంది.

"అవ్వా, గిదేంది?" అన్నది ఆపా.

"నువ్వు కుట్టుకో. ఎనుక నేనున్న. రెండు దయ్యాలకు గీ జాగ సాలదు."

ఆపా నవ్వబోయి, దారం కొరికే వంకతో మొహం వంచుకుంది. మిషను నడిచింది. వెనక నుంచి సుత్తె పడింది. నేను వీధిలోకి వచ్చి చూశాను. తలుపు చీకట్లో కొంగు, తెల్లటి కళ్లు, ఎత్తిన చెయ్యి. తెలిసి కూడా ఒళ్లు జలదరించింది. దారిన పోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు, ఉలిక్కిపడేవాళ్లు, తర్వాత "ఏందవ్వా, ఎండెట్లున్నది?" అని పలకరించేవాళ్లు. పలకరించిన దయ్యానికి ఇంక భయపడటం కష్టం. ఆ ఎండాకాలమంతా ఆమె రోజూ అక్కడే చింతపండు కొట్టింది. మిషను ఆగకుండా నడవడం మళ్లీ మొదలైంది. ఒంటి చేతి రవికె తిరిగి వచ్చి రెండో చెయ్యి కుట్టించుకుంది.

ఒకరోజు అక్కడినుంచి తిరిగి వస్తుంటే అవ్వ అడిగింది, "ఇంతకు ఫోటో ఎట్లున్నదే?"

ఊరంతా చెప్పాక నాకే తెలియదు. గుట్ట కదిలింది, బర్రె తల పోయింది, ఇది ఇట్లా అయింది, నాకు రాదని చెప్పాను.

"నేనున్ననా దాంట్ల?"

"ఉన్నవు."

"నా లెక్కనే ఉన్ననా?"

"నీ లెక్కనే."

కొంచెం దూరం నడిచాక నా భుజం మీది చెయ్యి ఒకసారి నొక్కింది. "అట్లయితే మంచిగనే తీసినవ్ బిడ్డా. జర ముందుగాల తీసినవ్, గంతే."

ఇక్కడ అవ్వ పోవాలి. పిల్లలు ఇక్కడికి రాగానే మొహాలు బాధగా పెట్టుకుని సిద్ధమవుతారు. కానీ మా అవ్వ కథలకు లొంగే మనిషి కాదు. తర్వాత ఎన్నో చింతపండు కాలాలు చూసింది, నా పెండ్లిలో పప్పులో ఉప్పు తక్కువైందని కూడా చెప్పింది. పోయేటప్పుడు ఒక్క మాట గట్టిగా చెప్పి పోయింది, తనను కుర్చీలో కూర్చోబెట్టవద్దని. "నా ఫోటో అయింది" అన్నది. అందుకని భువనగిరికి ఎవరినీ పంపలేదు.

చిన్నాయన ఆ ఫోటో పట్టుకుని స్టూడియోకు వెళ్లాడు, అవ్వను ఒక్కదాన్ని విడదీసి పెద్దది చేయమని. స్టూడియో ఆయన చూసి కాదన్నాడు. చీకటి ఉన్నచోటే ఆమె ఉంది, ఆ చీకటి ఆపా ఇంటిది. ఆపాను తీసేస్తే అవ్వ కూడా పోతుంది. దాంతో ఉన్నదున్నట్టే అద్దం కట్టించి గోడకెక్కించాం. దండ వేయాల్సి వచ్చినప్పుడు పెద్ద చర్చ జరిగింది, ఎందుకంటే ఫోటోలోని ఇద్దరిలో ఒకామె బతికే ఉంది, పైగా ఎదురుగా నిలబడి ఉంది. చివరికి మేకు ఒక మూలకు కొట్టి, దండ అవ్వ వైపే పడేట్టు వేలాడదీశాం. "జర ఇటు జారకుంట సూడుండ్రి" అన్నది ఆపా కళ్లు తుడుచుకుంటూ. ఇప్పటికీ మా ఇంటికి వస్తే ముందు దండ సర్దుతుంది, తర్వాతే చాయ్ తాగుతుంది. పటేలు ఉన్నన్నాళ్లు వచ్చి, ఆ ఫోటో ముందు కొంచెంసేపు నిలబడి పోయేవాడు. ఏం చూసుకునేవాడో మేం అడగలేదు.

ఇప్పుడు పిల్లలు ఫోనులో ఫోటోలు తీసి నా ముందు పెడతారు. ఎట్లుందని అడుగుతారు. నేను ఒక అంచు దగ్గర మొదలుపెడతాను. కిటికీ ఉంది, పరదా సగం జరిగి ఉంది, నీ మొహం ఉంది, వెనక ఎవరో చెంబు పట్టుకుని వస్తూ ఉన్నారు. వాళ్లకు విసుగు. బాగుందో లేదో చెప్పమంటారు. ఇంకో అంచు చేరేదాకా నాకు ఆ మాట రాదు. చేరేసరికి చాలాసార్లు వాళ్లే ఫోటోను తిరిగి తీసుకుని, అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూసుకుంటారు.

ఎండాకాలం మధ్యాహ్నాలు ఇంట్లో ఎవరూ లేనప్పుడు గోడ మీది ఆ ఫోటో ముందు కూడా అట్లాగే నిలబడతాను. మెడ వెనక వెంట్రుకలు ఈ వయసులో కూడా కొంచెం లేస్తాయి. అప్పుడు మెల్లగా చదువుకుంటాను. తలుపు ఉంది. గొళ్లెం ఉంది. మిషను చక్రం ఉంది. తెల్ల బట్ట ఉంది. ఆపా ఉంది. ఆపా వెనక, సుత్తె ఎత్తి, మా అవ్వ ఉంది. అనిపించింది చెప్పడం లేదు, ఉన్నదే చెప్తున్నాను.